మందుల మాస్టారు: ఎలుకకి ధైర్యమొచ్చిందా, మత్తొచ్చిందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే ఆకు మీద. సరస్వతి ఆకు. వానలు పడ్డాయి కదా, గట్ల మీద పాకి అందరి కంటా పడుతున్నట్టుంది. మోకాళ్ల నొప్పుల వాళ్లు, షుగరు వాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: విజయనగరంలో బి.ఫార్మసీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. సరస్వతి ఆకు ఆల్కహాలు ఎక్స్‌ట్రాక్టు ఆందోళన తగ్గిస్తుందా అని ఎలుకల మీద చూడటం మా నలుగురి ప్రాజెక్టు. ప్లస్ మేజ్‌లో కిలో బరువుకి 400 మి.గ్రా. డోసు ఇచ్చిన ఎలుకలు గోడల్లేని వైపు ఎక్కువసేపు ఉన్నాయి, అటు వెళ్లిన శాతాలు కూడా పెరిగాయి. కానీ మొత్తం తిరగడం బాగా తగ్గింది. 'పనిచేసింది' అని రాసేద్దామంటున్నారు మిగతా ముగ్గురూ. ఇంటికెళ్తే మా తాతయ్య 'ఎలక్కి బెంగేటే? దానికేటి, కూతురి పెళ్లి సెయ్యాలా?' అని నవ్వుతున్నాడు. ఎవరికేం చెప్పాలి మాస్టారూ?

జవాబు: ముందు తాతగారికి చెప్దాం. ఆయన అడిగిందే పెద్ద ప్రశ్న.

ఎలుకకి పెళ్లిళ్ల బెంగ లేదు, ప్రాణభయం ఉంది. వెలుతురులో, ఎత్తు మీద, చాటు లేని చోట నిలబడితే గద్ద తన్నుకుపోతుందని దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. మీ ఇంట్లో దూరిన ఎలుక గది మధ్యలోంచి నడవడం తాతగారు ఎప్పుడైనా చూశారేమో అడుగు. గోడ వారనే, మీసాలు గోడకి రాసుకుంటూ పోతుంది. మళ్లీ కొత్త చోటు కనబడితే వాసన చూడకుండానూ ఉండలేదు. భయం వెనక్కి లాగుతుంది, కుతూహలం ముందుకి తోస్తుంది. ఆ రెంటి మధ్య ఎటు ఎంత మొగ్గిందో కొలిచేదే మీ ప్లస్ మేజ్. నేలకి అర మీటరు ఎత్తున కూడిక గుర్తులా నాలుగు చేతులు. ఎదురెదురు రెండింటికి గోడలుంటాయి, మిగతా రెండూ ఉత్త పలకలు. ఎలుకని మధ్యలో వదిలి 5 నిమిషాలు చూడటం. నాలుగు పాదాలూ లోపల పడితేనే ఒక ప్రవేశం కింద లెక్క. మూతి పెట్టి వెనక్కి తగ్గితే లెక్కలోకి రాదు.

అది భయమేనని ఎలా తెలుసంటావా? 1985లో పెల్లో, ఫైల్ బృందం ఈ సంగతే తేల్చింది. ఎలుకని గోడల్లేని చేతిలోనే ఉండేలా కట్టడి చేస్తే పెంటికలు ఎక్కువ వేసింది, రక్తంలో ఒత్తిడి హార్మోను కార్టికోస్టెరోన్ ఎక్కువైంది. గోడలున్న చేతిలో ఉంచితే అంత లేదు. డయాజెపామ్ ఇస్తే బయటి చేతుల్లోకి ఎక్కువగా వెళ్లింది, కాఫీలో ఉండే కెఫీన్ ఇస్తే వెళ్లడం తగ్గింది. మనుషుల్లో బెదురు తగ్గించే మందుకీ, పెంచే పదార్థానికీ ఆ పలక మీద ఎలుక చెరో రకంగా నడిచింది. అందుకని దాన్ని నమ్ముతాం. తాతగారికి ఇది చాలు. నమ్మకపోతే రెండు గ్లాసుల స్ట్రాంగు కాఫీ ఇచ్చి పడుకోబెట్టు.

ఇక నీ సంగతి. మొత్తం తిరగడం తగ్గిందన్నావు చూడు, నీ ప్రాజెక్టులో అసలు మాట అదే. దాన్ని చివరి పేజీలో దాచేయకు. కాగితం తీసుకుని ఈ లెక్క వెయ్యి. మందు ఇవ్వని కంట్రోల్ ఎలుక 5 నిమిషాల్లో మొత్తం 14 సార్లు చేతుల్లోకి వెళ్లింది, అందులో గోడల్లేనివి 4 అనుకో. అంటే 29 శాతం. 400 ఇచ్చిన ఎలుక మొత్తం 4 సార్లే వెళ్లింది, అందులో గోడల్లేనివి 2. అంటే 50 శాతం. శాతం పెరిగింది! కానీ బయటికి వెళ్లడం నాలుగు నుంచి రెండుకి పడిపోయింది. గోడలున్న వైపు పదిసార్లు తిరిగే ఎలుక రెండుసార్లతో సరిపెట్టింది. ఇక అది గోడల్లేని పలక మీద కడుపు ఆనించి కునుకు తీసిందనుకో, నీ స్టాప్‌వాచీ ఆ సమయాన్నంతా ధైర్యం ఖాతాలోనే జమ చేస్తుంది.

గోడలున్న చేతుల్లోకి ఎన్నిసార్లు వెళ్లిందో చూసుకో. ఎలుక కాళ్లలో చురుకు ఎంతుందో చెప్పే అంకె అది. అది కంట్రోల్‌తో సమానంగా ఉండి, గోడల్లేనివి మాత్రం పెరిగితే భయం తగ్గిందనొచ్చు. రెండూ పడిపోతే మత్తు. డయాజెపామ్ కూడా అంతే కదా, తక్కువ డోసులో బెదురు తగ్గిస్తుంది, డోసు పెంచితే పడుకోబెడుతుంది. ఎలుక తిరుగుడు లెక్కపెట్టే యాక్టోఫోటోమీటరు మీ ల్యాబులో ఉండే ఉంటుంది. తిరిగే కడ్డీ మీద ఎంతసేపు నిలబడుతుందో చూసే రోటారాడ్ ఉంటే ఇంకా మంచిది. అదే డోసుతో ఆ రెండూ చెయ్యి. అందులో సగం, 200 డోసు కూడా ఇచ్చే ఉంటారు, దాని గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. నాకైతే దాని మీదే ఆశ.

ఇంతకీ ఏ గ్రూపు ఏ రోజు చేశారు? ఎందుకడుగుతున్నానంటే, ఈ తప్పులో నేనూ కాలేశాను. 1990ల్లో, పేరు చెప్పని ఒక కాలేజీలో, కొత్తగా చేరిన ఉత్సాహంలో ఇలాగే ఒక ఆకు పట్టుకున్నాను. కంట్రోల్ ఎలుకలన్నీ సోమవారం చేశాను. బుధవారం డయాజెపామ్, గురువారం ఆకు. ఫలితం చూసి నాకే కళ్లు తిరిగాయి. నా ఆకు డయాజెపామ్‌కి దీటుగా ఉంది! కాయితాలు పట్టుకుని విశాఖలో ఒక సదస్సుకి వెళ్లి చదివాను. చప్పట్లయ్యాక ముందు వరసలో ఒక పెద్దాయన 'ఏ వారాల్లో చేశావు నాయనా?' అని మెల్లిగా అడిగారు. తారీఖులు చెప్పాను. ఆయనది మా ఊరే. 'ఆ సోమవారం తొలేళ్లు కాదుటోయ్?' అన్నారు.

ఔను. మర్నాడు పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర. తొలేళ్ల రోజు పొద్దుట్నుంచీ డప్పులు, బాణసంచా, మైకులు. మా యానిమల్ హౌసు కిటికీ అద్దాలు అదురుతూనే ఉన్నాయి. కంట్రోల్ ఎలుకలు గోడల మధ్య నక్కి కూర్చుంటే ఆశ్చర్యమేముంది? గురువారానికి ఊరు అలసి నిద్రపోయింది, ఎలుకలు హాయిగా షికారు చేశాయి. ఆ ఘనత నేను ఆకుకి ఇచ్చాను. మళ్లీ చేశాం. ఈసారి ప్రతిరోజూ ప్రతి గ్రూపు నుంచీ కొన్ని, చీటీలు తీసి వరస కట్టి, ఏ ఎలుకకి ఏం పడిందో చూసేవాడికి తెలియకుండా. తేడా ఉప్పురాయిలా కరిగిపోయింది. ఆ కాయితాలు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి, మా ఆవిడ ఎన్నిసార్లు తూకానికి వేస్తానన్నా ఇవ్వలేదు.

మీరు వాడిన ఎలుకలనే మర్నాడు మళ్లీ అదే మేజ్‌లో పెట్టొద్దు. ఒక్కసారి చూసిందంటే రెండోసారి దాని తీరే మారిపోతుంది, డయాజెపామ్ కూడా పనిచేయనట్టు కనబడుతుంది. ఇంకొకటి. ఈ మేజ్‌ని జనం నమ్మిందే డయాజెపామ్ జాతి మందులతో. ఇవాళ మానసిక వైద్యులు ఆందోళనకి ముందుగా రాసేవి సెర్ట్రలిన్ వంటివి, వాటికి మనిషిలోనే వారాలు పడుతుంది. ఒక్క డోసు వేసి మేజ్‌లో దింపితే చాలాసార్లు వాటి ఊసే కనబడదు. కాబట్టి నీ ఆకు ఇందులో తప్పినంత మాత్రాన పనికిరానిదీ కాదు, నెగ్గినంత మాత్రాన మందూ కాదు. నివేదికలో ఇలా రాయి: '400 మి.గ్రా. వద్ద చలనం తగ్గింది. అందువల్ల గోడల్లేని చేతుల శాతాన్ని ఆందోళన తగ్గినట్టుగా తీసుకోలేం.' మార్కులు తగ్గుతాయంటారా? వైవాకి వచ్చే ఎక్స్‌టర్నలు ఈ ప్రశ్నే అడిగితే మీ నలుగురిలో జవాబు చెప్పగలిగేది నువ్వొక్కదానివే.

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. మా బాబు ఇంటర్ రెండో ఏడు. పరీక్షలంటే చేతులకి చెమటలు, రాత్రిళ్లు నిద్ర లేదు. మా ఆడపడుచు సరస్వతి ఆకు రసం రోజూ పరగడుపున గ్లాసుడు పట్టమంటోంది. ఎలుకల మీద రుజువైందని ఫోన్లో వచ్చిందట. షాపులో బ్రాహ్మి పొడి అమ్ముతున్నారు, రెండూ ఒకటేనా? ఎంత ఇవ్వాలి?

జవాబు: గ్లాసుడు వద్దమ్మా.

ఒకటేనా అంటే, కాదు. సరస్వతి ఆకు నేల మీద పాకుతుంది, గుండ్రంగా, అంచున నొక్కులతో, పొడుగు కాడకి ఒక్కో ఆకు ఉంటుంది. ఆయుర్వేదంలో మండూకపర్ణి అంటారు. షాపు డబ్బా మీది బ్రాహ్మి చాలాసార్లు వేరే మొక్క. తడి నేలల్లో పెరుగుతుంది, ఆకులు చిన్నగా దళసరిగా ఉంటాయి, పువ్వు తెలుపు, లేకపోతే లేత ఊదా. బ్రాహ్మిలో సారం బాకోసైడ్లు, సరస్వతి ఆకులో ఏషియాటికోసైడ్. కొన్ని ప్రాంతాల్లో సరస్వతి ఆకునీ బ్రాహ్మి అనే పిలుస్తారు కాబట్టి పొట్లం మీద పేరు చూసి ఏదో చెప్పలేం. పై ఉత్తరం రాసిన అమ్మాయిలాంటి వాళ్లు కూడా మొదట మొక్కని బోటనీ వాళ్లకి చూపించి, ఎండు నమూనా ఒకటి కాగితానికి అతికించి దాచాకే పని మొదలెట్టాలి.

ఎలుకల లెక్క నీకు నేనే విప్పి చెప్తాను. ఎలుకకి కిలోకి 200 మి.గ్రా. ఇచ్చారనుకో. అదే అంకెని మనిషి బరువుతో గుణించకూడదు, ఎలుక ఒళ్లు మనకన్నా వేగంగా మందుని ఖర్చు చేస్తుంది. 6.2తో భాగిస్తారు. కిలోకి 32 మి.గ్రా. వస్తుంది. 60 కిలోల మనిషికి దాదాపు 2 గ్రాముల ఎక్స్‌ట్రాక్టు. అది రసం కాదు, ఆల్కహాల్లో నానబెట్టి ఆవిరి చేసిన జిగురు. వంద గ్రాముల ఎండు ఆకుకి పది గ్రాముల జిగురు దిగిందనుకుంటే 19 గ్రాముల ఎండు ఆకు, పచ్చిదైతే 120 గ్రాములు దాటుతుంది. ఆల్కహాల్లోకి దిగేవన్నీ నీళ్లలోకి దిగవు కాబట్టి మీ ఆడపడుచు గ్లాసులో ఉన్నది ఎలుక తాగినదానికి సమానం కాదు, ఎక్కువో తక్కువో కూడా ఎవరూ చెప్పలేరు.

మనుషుల మీదా కొంచెం చూశారు. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న 40 మందిలో కొందరికి ఒకేసారి 12 గ్రాముల సరస్వతి ఆకు, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి, హఠాత్తుగా పెద్ద చప్పుడు చేసి ఎంత ఉలిక్కిపడతారో కొలిచారు. ఆకు తీసుకున్నవాళ్లు తక్కువ ఉలిక్కిపడ్డారు. 'మీ మనసెలా ఉంది?' అని అడిగితే మాత్రం రెండు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకు ఆ చిన్న అధ్యయనమంటే ఇష్టం, ఉన్నదున్నట్టు చెప్పింది కాబట్టి. కానీ మీ బాబుది ఉలికిపాటు కాదు కదా, పరీక్ష.

వారానికోసారి పచ్చడి చేసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. మురుగు కాలవ పక్కన కోసింది వద్దు, బాగా కడగాలి. రోజూ మందులా పట్టడం వేరు. ఈ ఆకు రోజుల తరబడి మాత్రలుగా వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. మొక్కే కదా అనుకోవద్దు. పసిఫిక్ దీవుల కావా వేరు ఆందోళనకి మనుషుల్లో కూడా పనిచేసింది, కానీ కాలేయం కేసులు బయటపడి 2002లో జర్మనీ దాన్ని మార్కెట్ నుంచి తీసేసింది.

నిద్ర లేదంటున్నావు, అది ఎన్నాళ్ల నుంచో రాయలేదు. రెండు వారాలు దాటితే ఆకు మాట పక్కన పెట్టి డాక్టరుకి చూపించు. ఈలోపు 14416కి ఫోన్ చేయించు. ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. ముందు నువ్వే చేసి అడుగు, తర్వాత బాబుకి ఇవ్వు. వాడు రాత్రిళ్లు మెలకువగా ఉండటానికి టీలు ఎన్ని తాగుతున్నాడో కూడా ఒకసారి లెక్కపెట్టు. నేను లెక్కపెట్టమన్న ఇళ్లలో ఐదుకి తక్కువ ఎప్పుడూ రాలేదు.

ప్రశ్న: కవిటి మండలం నుంచి రాస్తున్నాను. నాన్నగారికి కిడ్నీల పరీక్షలో క్రియాటినిన్ 3 దాటింది. నిద్ర పట్టక కంగారు పడుతున్నారు. ఒకాయన 'జంతువుల మీద పరీక్షించిన' పసరు మందు ఇస్తానంటున్నాడు. వాడొచ్చా?

జవాబు: వద్దు బాబూ. మొక్కల సారం ప్రమాదమా కాదా అని చూసే మొదటి పరీక్షలో మూడేసి ఎలుకలకి కిలోకి 2000 మి.గ్రా. దాకా ఒకసారి ఇచ్చి 14 రోజులు చస్తాయా బతుకుతాయా అని చూస్తారు. అవి పడుచు ఎలుకలు, కిడ్నీలు నిక్షేపంగా ఉన్నవి. ఆ పరీక్ష మీ నాన్నగారి గురించి ఏమీ చెప్పదు. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానంలో ఉండి ఈ మాట నేను మీకు చెప్పాలా! ఆ అంకె దగ్గర నిద్ర పట్టకపోవడం, ఒళ్లు దురద, కంగారు జబ్బు వల్లే రావచ్చు. కిడ్నీ డాక్టరుకి నిద్ర సంగతి విడిగా చెప్పండి, అడిగితే తప్ప చాలామంది చెప్పరు.

ప్రశ్న: ఆమదాలవలస. రిటైరైన టీచర్ని. చీమలకి నూక వేసే ఇల్లు మాది. మూగజీవాల్ని భయపెట్టి కొలిచి గొప్పలు చెప్పుకోవడం పాపం కాదా అన్నయ్యగారూ?

జవాబు: చెల్లెమ్మా, దాచను. మేజ్‌లో కోత లేదు, సూది బాధ తప్ప నొప్పి లేదు. కానీ పని అయ్యాక చాలా ఎలుకల్ని మత్తిచ్చి చంపేస్తారు. ముప్పై ఏళ్లు ఆ గదిలో ఉన్నవాణ్ని, కాదని ఎలా అంటాను?

ఇష్టారాజ్యం మాత్రం కాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద కేంద్రంలో ఒక కమిటీ ఉంది, ప్రతి సంస్థలో నీతి కమిటీ ఉంటుంది, అందులో బయటివాళ్లూ కూర్చుంటారు. ఎన్ని ఎలుకలు, ఎందుకు, ఇంతకన్నా తక్కువతో కాదా అని అడుగుతారు. నేను 36 అడిగితే 24కి దించిన రోజులున్నాయి, అప్పుడు కోపమొచ్చింది. సౌందర్య సాధనాలకైతే జంతువుల మీద పరీక్షలు 2014లోనే మన దేశంలో నిషేధించారు. నా అభిప్రాయం అడిగితే, ఇప్పటికే వందసార్లు చూసిన ఆకుని నూట ఒకటోసారి డిగ్రీ కోసం చూడటం పాపమే. తొలేళ్ల రోజు నేను చేసిన పని ఇంకా పెద్ద పాపం, అన్ని ఎలుకలూ వృథా.

మా అటెండరు ఒకాయన ఉండేవాడు. ఎలుకని తోక పట్టి ఎత్తేవాడు కాదు, రెండు అరచేతుల దోసిట్లోకి ఎక్కించుకునేవాడు. ప్రయోగానికి వారం ముందు నుంచీ రోజూ అలా ఎత్తి దింపుతుంటే నాకు చాదస్తం అనిపించేది. తోక పట్టి ఎత్తిన చిట్టెలుకలు మేజ్‌లో ఎక్కువ బెదురుతాయని, దోసిట్లో ఎత్తినవి తక్కువ బెదురుతాయని 2010లో బ్రిటన్‌లో తేల్చారు. ఆయన అప్పటికే రిటైరై పొలం చేసుకుంటున్నాడు. ఫోన్ చేసి చెప్తే 'అది కనుక్కోడానికి పరీచ్చేటండీ' అన్నాడు.

ప్రశ్న: శ్రీకాకుళం, ఎం.ఫార్మసీ. రెడీమేడ్ ప్లస్ మేజ్ ధర మా డిపార్ట్‌మెంటుకి అందట్లేదు. వడ్రంగి చేత చేయించుకోవచ్చా?

జవాబు: నిక్షేపంలా. నాదీ వడ్రంగి చేసిందే. పెద్ద ఎలుకలకైతే చేయి పొడవు 50 సెంటీమీటర్లు, వెడల్పు 10, గోడ ఎత్తు 40, నేల నుంచి 50. మధ్యలో 10కి 10 చదరం. చిట్టెలుకలకి 30కి 5, గోడ 15 చాలు. ఉత్త ప్లైవుడ్ వద్దు, ఉచ్చ పీల్చేస్తుంది, తర్వాత వచ్చే ఎలుక ఐదు నిమిషాలూ ముందుదాని వాసన చూడ్డంతోనే సరిపెడుతుంది. మెరుపు లేని సన్‌మైకా అతికించండి, ఒక్కో ఎలుక తర్వాత పల్చటి ఆల్కహాలుతో తుడిచి ఆరనివ్వండి. నాలుగు చేతుల మీదా వెలుతురు సమానంగా పడాలి. ఒకవైపు కిటికీ ఉంటే తెర కట్టండి.

మా వడ్రంగికి గీసిచ్చిన బొమ్మ చూసి అతను చాలాసేపు తల గోక్కున్నాడు. 'రెండు సేతులకి గోడలెట్టి రెండిటికి ఒగ్గీమంటన్నారు, డబ్బుల్సాల్లేదేటి మాస్టారూ?' అని, మిగిలిన చెక్కతో ఆ రెండింటికీ కూడా గోడలు కొట్టి తెచ్చాడు. ఊడదీయించాను. మేకుల కన్నాలు ఇంకా ఉన్నాయి. మీరు దగ్గరుండి చేయించుకోండి. జిగురు వాసన పోయేదాకా రెండు వారాలు బయట పెట్టాకే ఎలుకని ఎక్కించండి.